వార్తల పీరియడులో నూకరత్నం

మా అమ్మాయి చదివే బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఎవరో ఒక విద్యార్థి మెట్లెక్కి నేటి వార్తలు చదువుతారు. వరదలు, ధరలు, ఎక్కడో యుద్ధం, చివర్లో క్రికెట్. నలుగురు పోయారన్న మాటా, నాలుగు వికెట్లు పడ్డాయన్న మాటా ఒకే గొంతుతో వచ్చేవి. చదివినవాళ్లకు చప్పట్లు కొట్టి అందరూ తరగతులకు వెళ్లిపోయేవారు. సాంఘిక శాస్త్రం చెప్పే పైడిరాజు మాస్టారికి ఇది మింగుడు పడేది కాదు. వారం వారం ఆయన పెట్టే వార్తల పీరియడులో పిల్లలు పేపరు కత్తిరించి, అంటించి, కింద ‘ఇది చాలా విచారకరమైన సంఘటన’ అని రాసేవారు. తరగతి మొత్తం అదే వాక్యం రాస్తారని, విచారం మాత్రం ఒక్కరి మొహంలోనూ కనబడదని ఆయన ఓసారి నాతో చెప్పుకుని బాధపడ్డారు.

పిల్లల్ని అనడానికేముంది. మనమూ అంతే కదా, పేపరు చదువుతూ ఉప్మాలో ఉప్పు తక్కువైందని గొడవపడతాం.

నేను విజయనగరంలో పశువుల డాక్టర్ని. నోరున్నవాడిదే రాజ్యమంటారు, నా రోగులకు ఆ నోరే లేదు. ఎక్కడ నొప్పో చెప్పవు. చెవి వాలిన తీరు, మేత మానేసిన తీరు చూసి నేనే కనిపెట్టాలి. ఇన్నేళ్లుగా నొప్పిని బయటనుంచి చూసీ చూసీ, దాని గురించి ఎవరేం చెప్పినా తొందరగా నమ్మని గుణం అబ్బింది. మా ఆయన చెప్పినా సరే.

మా ఆయన జోగారావు ఊరి చివరున్న ల్యాబులో నరాల మీద పరిశోధన చేస్తారు. నొప్పిని మందుతో మూతపెట్టడమే గానీ మాయం చేయడం ఎవరి తరమూ కాదని, పంచడం మాత్రం సాధ్యమేనని ఆయన నమ్మకం. పెళ్లయిన కొత్తలో ఇది కవిత్వమనుకుని మురిసిపోయాను. అది కవిత్వం కాదని ఒక ఆదివారం పొద్దున తెలిసింది. రెండు తెల్లటి కడియాలు తెచ్చి ఒకటి నా చేతికి, ఒకటి తన చేతికి తొడిగి, దోసె పెనం మీద వేలు పెట్టారు. చట్నీ గిన్నె దగ్గరున్న నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆయన మొహంలో నవ్వు. తన వేలు బొబ్బెక్కింది గానీ మంట సగమే ఉందట, మిగతా సగం నాకొచ్చిందట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ముందు నా మీద ప్రయోగించారన్నమాట. మా అమ్మాయి మేదిని, అప్పటికి ఐదో తరగతి, నాకూ కావాలని గొడవ చేసి మూడోది తొడుక్కుంది. ముగ్గురం కూర్చున్నాక ఆ మంట చీమ కుట్టినంతకు దిగింది.

తర్వాత నా ఆసుపత్రిలో ఒక కుక్క మీద చూశాం. లారీ కింద కాలు నలిగి అరుస్తూ వచ్చింది. దాని మెడకొకటి, నాకొకటి, ఆయనకొకటి, మా అటెండరుకొకటి కడియం వేశాం. అరుపు ఆగిపోయింది. ఆ కుక్క మా ముగ్గురి మొహాలూ ఒకటొకటిగా చూసి, తల వాల్చి నిద్రపోయింది. తన నొప్పిలోకి ఎవరో వచ్చి కూర్చున్నారని దానికి తెలిసిందేమో అనిపించింది. ఆ తర్వాత కొన్నాళ్లు నేను కుంటుతూ నడిచాను. నా కాలికేమీ కాలేదు, కాలే అలా అలవాటు పడింది. దానికి జోగారావు ‘మిగులు’ అని పేరు పెట్టారు. పంచుకున్న నొప్పిలో కొంచెం మనలో మిగులుతుందని, దాని సొంతదారు బతికున్నంతకాలం అది మెల్లగా వెనక్కి వెళ్లిపోతుందని చెప్పారు. పోయింది కూడా. కుక్క కాలు అతుక్కుంది, నా కుంటి నడక ఆగింది, ఆ మాట మేమిద్దరం మర్చిపోయాం.

కాలిన గాయాల వార్డులో వాడుకోవడానికి అనుమతులు వచ్చాక అసలు చిక్కు మొదలైంది. కడియాలున్నాయి గానీ చేతులు లేవు. మొదటి కడియం రోగి ఇంటివాళ్లకు తొడగాలన్నది ల్యాబు నియమం. తల్లో, భర్తో తొడుక్కునేవారు. ఆ తర్వాత ఎవరూ ఉండేవారు కాదు. ఒక్కరిద్దరే పంచుకుంటే అది పంపకం కాదు, ఇంకో రోగిని తయారుచేయడం. చాలామంది ఆరోగ్యవంతులు రోజూ ఒకే సమయానికి ఒకేచోట కూర్చోవాలి. ఆ మాట మా ఇంట్లో కాఫీ తాగుతూ విన్న పైడిరాజు మాస్టారు కప్పు కింద పెట్టి, అలాంటి చోటు బడి తప్ప ఇంకేముంటుందండీ అన్నారు.

పేపర్లో చదివిన మనిషి నొప్పిలో పిల్లలు రవ్వంత, అరగంటసేపు తీసుకుంటే ఇక ‘విచారకరమైన సంఘటన’ అని రాయరని ఆయన ఆశ. పరీక్షలు చేశారు, కమిటీలు కూర్చున్నాయి, తల్లిదండ్రులు సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. నలభై మందికి పంచితే ఒక్కొక్కరికి పడే వాటా నిజంగానే దోమ కాటంత. దానితో లోకం మీద పిల్లలకు కన్ను తెరుచుకుంటుందంటే కాదనే తల్లి ఎవరు?

పద్ధతి ఇలా ఉండేది. రోజూ చివరి పీరియడులో ఎవరి కడియం వాళ్లు తొడుక్కుంటారు. పక్కపక్కనైతే వెంటనే పనిచేసినా, అంత దూరాన వార్డులో ఉన్న రోగి నరాలతో కడియం శ్రుతి కలవడానికి వారం పడుతుంది, కాబట్టి తరగతికి ఒక్కరే రోగి. చేతి నాడి తగలకపోతే కడియం పనిచేయదు. బెంచీకి తగిలించి ఆడుకోవడానికి పోతే ఆ వాటా వెనక్కి వెళ్లి రోగి మీదే పడుతుంది. గోడ మీద ఒక చిన్న పచ్చదీపం ఉండేది. వాటాలన్నీ చేతుల్లోకి చేరగానే అది వెలిగేది. వెలిగిందంటే వార్డులో ఆ మనిషి నిద్రపోయిందని అర్థం.

పిల్లల రాతలు మారిపోయాయి. ఒక పిల్లాడు ‘నాకు చెయ్యి మండింది, ఆయనకు ఇంకా ఎన్ని చేతులు మండుతున్నాయో’ అని రాశాడట. ఆ వాక్యం మాస్టారు ఊరంతా చెప్పుకు తిరిగారు. పేపర్లవాళ్లు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. జోగారావు మొహం వెలిగిపోయింది. నాకూ గర్వంగానే ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మేదిని ఎనిమిదిలోకి వచ్చిన ఏడాది, ఒక రైసు మిల్లులో బాయిలరు పేలి నూకరత్నం అనే అమ్మాయికి కుడిపక్క మెడ నుంచి చెయ్యంతా కాలింది. ఇరవై రెండేళ్లది. కార్మికురాలి నిర్లక్ష్యమే కారణమని పేపర్లో నాలుగు ముక్కలు వేశారు. ఎనిమిదో తరగతికి నూకరత్నం పడింది. మొదటి కడియం ఆమె తల్లి చిన్నమ్మి తొడుక్కుంది, మిగతావి పిల్లలు.

ఆ తర్వాత ఇంట్లో చిన్న చిన్న మార్పులు కనబడసాగాయి. మేదిని ప్రెషర్ కుక్కర్ కూత వేయగానే వంటింట్లోంచి పారిపోయేది. రాగులంటే మొహం తిప్పుకునే పిల్ల, చోడి అంబలి కాచిపెట్టమని అడిగింది. మేం ఎన్నడూ ఆ మాట వాడం, రాగిజావ అంటాం. ఎండాకాలంలో పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుని బడికి వెళ్లేది. అడిగితే చలి అనేది. వయసు అల్లరిలే అన్నారు ఆయన. అన్నం ముందు కూర్చుని ఎడమచేత్తో తినబోయి, నేను చూస్తున్నానని కుడిచేతికి మార్చింది ఒకసారి. నా దగ్గరికి వచ్చే ఏ దూడైనా ఇలా చేస్తే నిమిషంలో కనిపెట్టేదాన్ని. కన్నపిల్ల దగ్గర ఆ తెలివి ఎటుపోయిందో.

బడిలో చిన్న సభ పెట్టారు. మన బళ్లకు శాలువా కప్పనిదే పుణ్యం దక్కదు. వార్తల పీరియడులో కడియాలు మొదలుపెట్టి ఏడాదైందని తల్లిదండ్రుల్ని పిలిచి, నూకరత్నం తల్లి చిన్నమ్మికి సన్మానం ఏర్పాటు చేశారు. ముతక చీర కట్టుకున్న సన్నటి మనిషి. ఎడమచేతికి కడియం. కుర్చీ అంచున కూర్చుని, ఎప్పుడు వదిలేస్తే ఆసుపత్రికి పోదామా అన్నట్టు గేటు వైపే చూస్తోంది. సభ చివరి పీరియడు వేళకే కుదిరింది. పిల్లలంతా కడియాల సమయంలోనే ఉన్నారు. గోడ మీద దీపం పచ్చగా వెలుగుతోంది. వార్తలు చదవడం ఆ రోజు మేదిని వంతు.

కాగితం పట్టుకుని మెట్లెక్కింది. బాయిలరు ఘటనలో గాయపడిన నూకరత్నం కోలుకుంటున్నట్టు ఆసుపత్రి వర్గాలు తెలిపాయి, అని మొదలుపెట్టింది. కార్మికురాలి నిర్లక్ష్యం, అన్నచోట ఆగింది. కాగితం దించేసింది. నిలబడ్డ తీరు మారింది, ఒక భుజం కొంచెం కిందికి దిగింది.

“నాను పొద్దున్నే సెప్పినాను, అది బుసకొడతందని,” అంది. “ఎవులూ ఇన్నేదు. పనికి టయిమైపోతంది ఎల్లమన్నారు. పేలినప్పుడు నాను పరిగెట్టొచ్చు. ఎనకాల సిన్న గుంటలు, పసిపిల్లలు, బస్తాల మీద పడుకునున్నారు. నాను పరిగెడితే ఆవిరి ఆలమీదకెల్తాది గదా.”

కొందరు చప్పట్లు కొట్టబోయారు, నటన బాగుందని. చిన్నమ్మి కుర్చీలోంచి లేచింది. శాలువా జారి కిందపడింది.

“రత్నాలూ,” అని పిలిచింది.

నా కూతురు ఆమె వైపు తిరిగింది. కన్నతల్లి పిలిస్తే తిరిగినట్టు తిరిగింది. నేను ఎప్పుడు మెట్లెక్కానో నాకు తెలియదు. మేదిని చెయ్యి పట్టుకుని స్వెట్టరు పైకి లాగాను. మణికట్టు నుంచి భుజం దాకా ఖాళీ లేకుండా కడియాలు.

హాజరు పిలిచేటప్పుడు రాని స్నేహితుడి బదులు ‘ప్రెజెంట్ సార్’ అనడం మన బళ్లలో తరతరాల స్నేహధర్మం. నేనూ అన్నదాన్నే. పిల్లలు కడియాలకూ ఆ ధర్మమే పాటించారు. ఒకడికి వాలీబాల్, ఒకర్తెకు ట్యూషను, ఇంకొకరికి ఊరికే విసుగు. నాడి తగలాలి కాబట్టి ఎవరో ఒకరి చెయ్యి కావాలి. వాళ్ల నాన్న చేసిందే కదా, దానికేం కాదులే అని ఒక్కొక్కరూ మేదిని చేతికి తగిలించి పోయేవారు. దీపం పచ్చగా ఉంటే మాస్టారూ చేతులు లెక్కపెట్టేవారు కాదు. సభ కదా అని ఆ రోజు అందరూ వరసల్లో కూర్చున్నారు గానీ చేతులు మాత్రం సగానికి సగం ఖాళీ. ఎందుకు ఒప్పుకున్నావే అని అడిగితే మేదిని తన గొంతుతోనే చెప్పింది.

“వాళ్లు తీసేస్తే దీపం ఆరిపోతుందమ్మా. ఆరిపోతే ఆవిడ లేస్తుంది.”

నేను అన్నీ ఒక్కసారి పీకేయబోయాను. జోగారావు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఒక్కసారి తీస్తే అదంతా ఆసుపత్రిలో ఉన్న అమ్మాయి మీద విరుచుకుపడుతుంది. ఏ కడియం ఎవరిదో వాళ్లను పిలిచి, ఒక్కొక్కటే తీసి వాళ్ల చేతికే తొడిగారు. పిల్లలు తేలు కుట్టిన దొంగల్లా తలలు దించుకుని వచ్చి చేతులు చాచారు. దీపం ఒక్కసారి కూడా ఆరలేదు. జరగవలసిందంతా జాగ్రత్తగానే జరిగింది.

మేదిని చెప్పిన సంగతి పేపర్లో వేయమని పైడిరాజు మాస్టారు తిరిగారు. ఒక పిల్ల ఒంట్లోంచి వచ్చిన మాటకు సాక్ష్యమేమిటని పేపరువాళ్లు అడిగారట.

ఆ వారంలోనే నూకరత్నం గాయాలకు చీము పట్టింది. డాక్టర్లు మొదటినుంచీ భయపడుతున్నదే. రెండు రోజులు పోరాడి చనిపోయింది. అప్పటికి మేదిని ఒంటి మీద ఒక్క కడియం కూడా లేదు. ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. పెన్సిలు కింద పెట్టి, కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి, అలాగే ఉండిపోయింది. నేను ముట్టుకోబోతే అరిచిన అరుపు వీధి చివరిదాకా వినబడింది. కాసేపటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది.

మిగులంటే ఏమిటో మాకప్పుడు పూర్తిగా అర్థమైంది. తమ వాటా మాత్రమే మోసిన పిల్లల్లో నలుసంత మిగిలింది, అదీ ఆ అమ్మాయి ఉండగానే వెనక్కి పోయింది. మేదినిలో నెలల తరబడి అందరిదీ పేరుకుపోయింది. సొంతదారు ఉన్నన్నాళ్లు అది వెనక్కి పోయే దారి ఉండేది. ఇప్పుడు పోవడానికి చోటు లేదు.

ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కుడిపక్క గాలి తగిలితే ఓర్చుకోలేదు. గుడ్డ కప్పనివ్వదు. ఏ మందూ పనిచేయలేదు, ఎందుకంటే నొప్పి తనది కాదు. తనది కానిదానికి మందు ఎక్కడని వేస్తాం? మెల్లగా మాట కూడా తనది కాకుండా పోసాగింది. పొద్దున లేచి అమ్మా అని పిలిచేది, నేను వెళితే నన్ను చూసి నిరాశపడేది. ఆ చూపు నన్ను నిలువునా కాల్చేది. ఒక పూట మేదిని ఉండేది, ఒక పూట ఉండేది కాదు. ఉన్న పూటల్లో, ఆవిడ లోపల ఏడుస్తోందమ్మా, తలుపు తీయమంటోంది అని చెప్పేది.

జోగారావు ల్యాబు వదలకుండా కూర్చున్నారు. మొదట తనకు ఎక్కించుకోబోయారు, తర్వాత నాకు. ఎక్కలేదు. బతికున్నప్పుడు నూకరత్నంతో శ్రుతి కలిసిన ఒళ్లలోకి తప్ప అది ప్రవహించదు. ఇక కొత్తగా శ్రుతి కలపడానికి ఆ అమ్మాయి లేదు. కన్నతల్లిని, పక్కనే కూర్చుని చేతులు ముడుచుకోవలసి వచ్చింది. నా బతుకులో అంత చేతకానితనం ఎప్పుడూ ఎరగను.

“ఇలాగే వదిలేస్తే నొప్పి మిగులుతుంది ఇందూ, మేదిని మిగలదు,” అన్నారాయన.

దారి ఒకటుంది. తరగతి పిల్లలందరూ శ్రుతి కలిసినవాళ్లే. తలా ఒక వాటా తీసుకుంటే మేదిని బయటపడుతుంది. కానీ ఇది అరగంట వాటా కాదు. చచ్చిపోయినవాళ్ల నొప్పి, దిగదు. దోమ కాటంతే, కానీ బతికినంతకాలం.

తల్లిదండ్రుల్ని ఇంటికి పిలిచాం. అందరూ వచ్చారు. పళ్లు తెచ్చారు. మేదిని గది గుమ్మం దగ్గర నిలబడి కళ్లొత్తుకున్నారు. తమ పిల్లల్ని నా ముందే తిట్టారు. తర్వాత ఒకాయన గొంతు సవరించుకుని, శాశ్వతంగా అంటున్నారు కదండీ, అన్నాడు. ఆ మాట తర్వాత ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. ఒక నలుగురు మాత్రం ఒప్పుకున్నారు. నలుగురికే పంచితే ఒక్కో పిల్ల మీద పడే బరువు చాలా ఎక్కువ, అది చేయనని జోగారావే అన్నారు. మిగతావాళ్ల మీద నాకు కోపం రావాలి. రాలేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ సంతకం పెట్టేదాన్ని కాదు.

కూతురి పెదకర్మ అయ్యాక ఒక మధ్యాహ్నం చిన్నమ్మి మా గేటు దగ్గర నిలబడింది. సభలో విన్న గొంతు చెవిలోంచి పోవడం లేదని, ఒక్కసారి ఆ పిల్లను చూసి వెళ్లిపోతానని అడిగింది. వద్దని చెప్పే మొహం నాకెక్కడిది? లోపలికి తీసుకెళ్లాను.

మంచం పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి వేయలేదు. వేయకూడదని ఆ వార్డులో అన్నాళ్లుండి నేర్చుకుంది కాబోలు.

“కూడు తిన్నావేటే?” అని అడిగింది మెల్లగా.

“తిన్నేదు,” అంది మేదిని కళ్లు మూసుకునే. “ఏడిగా ఉన్నాది.”

“సల్లార్నీలే. నానున్నాను గదా.”

అలా చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏ మేక ఈనిందో, ఎవరి పెళ్లి కుదిరిందో. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. లోపల ఉన్నది నా కూతురు. మాట్లాడుతున్నది ఆమె కూతురు. ఇద్దరిలో ఎవరు వెళ్లిపోవాలని దేవుణ్ణి వేడుకోవాలో తెలిసి కూడా, ఆ మొక్కు మొక్కుకోడానికి నాకు నోరు రాలేదు. పోయినపిల్లను ఇంకోసారి చంపమని అడగడమే కదా అది.

బయటికొచ్చాక చిన్నమ్మి జోగారావుని నేరుగా అడిగింది, ఇదంతా ఏమిటని. ఆయన చెప్పారు. పిల్లలకు పంచాలనుకున్నామని, కుదరలేదని చెప్పారు. ఆమె తన ఎడమచెయ్యి చూసుకుంది. ఆసుపత్రిలో కడియం ఎప్పుడో తీసేసుకున్నారు, దాని అచ్చు మాత్రం మణికట్టు మీద తెల్లగా ఉంది.

“మొదటిది నాకే గదా ఏసినారు. అయితే నాకెక్కుతాది.”

ఎక్కుతుందని, కానీ మొత్తం ఒక్కరే మోయలేరని ఆయన బతిమాలే గొంతుతో చెప్పారు. ఒప్పుకున్న నలుగురు పిల్లలకు తలా కొంచెం ఇచ్చి మిగతాది ఆమెకిస్తానన్నారు. అప్పుడు బరువు తగ్గుతుందని, మందులకు కొంతైనా లొంగుతుందని, పని చేసుకుని బతకవచ్చని చెప్పారు. నేనూ అదే అన్నాను. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

“ఇన్నాళ్లూ నా గుంటని ముక్కలు సేసి పంచుకున్నారు,” అంది. “మంచికే సేసినారు. అది నిద్దరోనాది, నాను సూసినాను. ఇంక సాలమ్మా. ఉన్నకాడికి మొత్తం నాకిచ్చీండి. ముక్కలు సెయ్యొద్దు.”

వద్దు అనడం నా ధర్మం. బరువుకు మించి మోసే ఎద్దును చూస్తే బండివాడితో దెబ్బలాడే మనిషిని నేను. నా నోటంట ఆ మాట రాలేదు. లోపల మంచం మీద నా పిల్ల ఉంది.

మర్నాడు పొద్దున ల్యాబులో రెండు మంచాలు పక్కపక్కన వేశారు. పెద్ద ఆర్భాటమేమీ లేదు. అసిస్టెంటు తీగలు కలిపాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మేదిని గాల్లో ఉంచిన కుడిచెయ్యి మెల్లగా కిందికి దిగి పరుపు మీద వాలింది. వేళ్లు కదిలించి చూసుకుంది.

“అమ్మా, చలేస్తోంది. దుప్పటి కప్పవా,” అంది.

నేను కప్పాను. మెడ దాకా కప్పాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. నాకు కలిగింది సంతోషమే, ఇంకో పేరు పెట్టను. నా వెనక మంచం మీద చిన్నమ్మి ఒళ్లు విల్లులా వంగింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. జోగారావు స్విచ్చు వైపు చెయ్యి చాస్తే, ఎడమచెయ్యెత్తి ఆగమంది. అలా ఎంతసేపో. చివరికి కొంగు నోట్లోంచి తీసి, ఊపిరి పట్టి పట్టి ఒక్క మాటంది.

“ఉన్నాది.”

మేదినికి పెద్దగా ఏమీ గుర్తు లేదు. రాగిజావ పెడితే మొహం తిప్పుకుంది. బడిలో కడియాలు తీసేశారు, పచ్చదీపం ఊడదీశారు. వార్తల పీరియడు మాత్రం ఉంది. పిల్లలు మళ్లీ కత్తిరించి అంటిస్తున్నారు. పైడిరాజు మాస్టారు వాళ్లు ఏం రాశారో చదవకుండానే సంతకం పెడుతున్నారని విన్నాను. బాయిలరు సంగతి ఏ పేపర్లోనూ మళ్లీ రాలేదు.

చిన్నమ్మిని మా ఇంట్లోనే ఉండిపొమ్మన్నాం. ల్యాబు తరఫున జీవితాంతం చూసుకుంటామన్నాం. ఉండనంది. కారులో దింపుతామంటే బస్సు చాలంది. ఆర్టీసీ కాంప్లెక్సు దాకా నేను వెంట వెళ్లాను. జనం తోసుకుంటున్నారు. ఆమె కుడిచేతికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, చంటిపిల్లను తిరునాళ్లలో ఎత్తుకుపోయేవాళ్లలా ఒక పక్కగా ఒదిగి నడిచింది. ఎవరి భుజమో తగిలినప్పుడు రంగు మారిపోయింది గానీ శబ్దం చేయలేదు. చేతికేం దెబ్బ తగిలిందమ్మా అని కండక్టరు అడిగాడు.

“దెబ్బ కాదు నాయినా,” అంది. “మా అమ్మి.”

అతనికి అర్థం కాలేదు. కిటికీ పక్క సీటు చూపించి వెళ్లిపోయాడు. ఆమె కూర్చుని కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుంది. నాకొక్క వాటా ఇవ్వగలిగితే బాగుండునని, అది కుదరదని తెలిసి కూడా కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. ఆమె నా మాట వినలేదు. తల వంచి, మచ్చయినా లేని తన చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా ఊదుతోంది. కాలిన పిల్లల చేతుల మీద తల్లులు ఊదినట్టే ఊదుతోంది. మధ్యలో ఆగి ఏదో చెప్పి, మళ్లీ ఊదింది. బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆమె తల పైకెత్తలేదు. నేను ఇంటికి వచ్చి మేదినికి అన్నం కలిపి పెట్టాను.